ఆరో పేజీ

డండీ నగరం, టే నది ఒడ్డు.
కిటికీ అద్దాన్ని లోపలి నుంచి తుడవాల్సిన జనవరి సాయంత్రం.
కంప్యూటర్ సొసైటీ బీరువా ఖాళీ చేసే పని
నా నెత్తిన పడింది.
అద్దె కట్టలేక గది వదిలేస్తున్నాం.
ఇకపై సమావేశాలు లైబ్రరీలో,
నెలకోసారి, కుర్చీలు దొరికితే.

పేరు అరిగిపోయిన వెండి కప్పు,
ఎలకలు రుచి చూసి వదిలేసిన మూడు మాన్యువళ్లు,
అరవై రెండులో మొదలైన మినిట్స్ పుస్తకం.

మొదటి పేజీలో తొమ్మిది సంతకాలు.
జనపనార మిల్లులో జీతాల లెక్కలు చూసే ఆయన,
కాలేజీలో గణితం చెప్పే ఇద్దరు,
బ్యాంకు నుంచి ఒకాయన; మిగతావి చదవడం నా వల్ల కాలేదు.
అప్పటికి వాళ్లందరికీ తెలిసిన కంప్యూటర్ ఒక్కటే,
పద్నాలుగు బట్టల అల్మరాలు వరసగా నిలబెట్టినంత.
దాన్ని చూడ్డానికి వచ్చినవాళ్లు
గుమ్మంలోనే టోపీ తీసేవారట.

రెండో సమావేశం: సంఘానికి ఏం పేరు పెట్టాలి? గంటన్నర.
మూడోది: టీ డబ్బులు.
నాలుగోది: అసలు సభ్యుడంటే ఎవరు?
డిగ్రీ ఉన్నవాడా, యంత్రానికి ఆజ్ఞలు రాసేవాడా?
కార్డులకి చిల్లులు పొడిచే అమ్మాయిలు
లెక్కలోకి వస్తారా?
రారు అని ఏడు చేతులు లేచాయి.
ఆ "రారు"ని గుండ్రంగా, పొందిగ్గా రాసింది
ఆ అమ్మాయిల్లోనే ఒకతె, ఎఫీ గౌర్లే.
చేతిరాత బాగుందని మినిట్స్ ఆమెకి అప్పజెప్పారు.
తన మొహాన వేసిన తలుపుకి
తనే రంగు వేసింది.

ఆరో పేజీ. మార్చి మొదటి వారం.
రాత్రి పాళీ నేతగత్తెలు నలభై ముగ్గురికి
జీతం కవర్లో సగమే వచ్చింది.
యంత్రం తప్పు చేయదు, అన్నాడు మేనేజరు.
కార్డుల్లో ఉందేమో, అన్నాడు ప్రోగ్రాం రాసిన లోరిమర్.
తప్పు గదంతా తిరిగింది,
కూర్చోమనేవాళ్లు లేని చుట్టంలా.
చివరికి చిల్లులు పొడిచిన వేళ్ల దగ్గర ఆగింది.

మినిట్స్‌లో మాట్లాడినవాళ్ల మాటే ఉంటుంది.
రాసేవాళ్లకి నోరుండదు.
ఆ రోజు ఎఫీ రాస్తూ రాస్తూ ఆగి
మార్జిన్‌లోకి దిగింది:

"రాత్రి కూర్చుని కార్డులన్నీ మళ్లీ చూశాను.
రెండు వేల మూడొందల పది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.
నెల మారిన రాత్రి దగ్గర వారం తెగిపోతోంది.
అది ఆజ్ఞల్లో ఉంది.
రాసిందెవరని నేను అడగడం లేదు.
ఈ శుక్రవారం ఆ ఇళ్లకి బొగ్గెవరు కొంటారు?"

ఆ కింద ఒక సిరా చుక్క
నాని నాని పావలా కాసంత అయింది.
అంతసేపు ఎవరూ నోరు విప్పలేదన్నమాట.
తర్వాత వేరే రంగు సిరా, వంకర రాత:
"నేనే రాశాను. లోరిమర్."
టోపీ తిప్పారు. పదకొండు పౌండ్లు, ఆరు షిల్లింగులు.

ఏడో పేజీలో సంఘం మొట్టమొదటి నియమం:
యంత్రం చేసిందనడం సంజాయిషీ కాదు.

ఆ తర్వాత అన్నీ ఉన్నాయి. విందులు, పరీక్షలు, సర్టిఫికెట్లు,
అలిగి రాజీనామా ఇచ్చి మళ్లీ వచ్చినవాళ్లు.
ఎఫీకి సభ్యత్వం ఇవ్వడానికి పదకొండేళ్లు పట్టింది.
అప్పటికామె ఇంటిపేరు మారింది, ఇల్లూ మారింది.
"ఈ పేరున ఇక్కడెవరూ లేరు" అని ఉత్తరం తిరిగొచ్చింది.
పుస్తకం అట్టలో అది ఇంకా ఉంది, విప్పకుండా.

పోయిన నెల మోరాగ్ అడిగింది,
నగర కార్యాలయంలో కొత్తగా చేరిన పిల్ల:
అన్నీ ఫోన్లో దొరుకుతుంటే ఈ సొసైటీ ఎందుకండీ?
ఇళ్ల వెచ్చదనానికిచ్చే సాయాన్ని
ఎవరికి ఆపాలో లెక్కగట్టే ప్రోగ్రాం ఆమెదే.
నేను వాదించలేదు. ఆరో పేజీ తీసి ముందు పెట్టాను.
చదివింది. కోటు తొడుక్కుంది.
గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి,
కోటుతోనే కూర్చుని లాప్‌టాప్ తెరిచింది.

బీరువా తాళం ఇచ్చేశాను. కప్పుని వేలానికి పంపాను.
కవరు మాత్రం నా లోపలి జేబులో ఉంది.
విప్పే హక్కు నాకు లేదు.
బస్సు కోసం నిలబడ్డ ఇంతసేపట్లో
అది కొంచెం నా ఒంటి వంపు తిరిగింది.